ఇస్సాకు నొక్కిన పేరు

తెనాలి బోసు రోడ్డులో ఒక బట్టల కొట్టు పైన బసవేశ్వరరావుగారి కంప్యూటర్ ఆఫీసు ఉండేది. మేడ ఎక్కి ఎవరొచ్చినా ఆయన ముందుగా చూపించేది ఇస్సాకు వేళ్ళనే. "మావాడు కొడుతుంటే రేకుల మీద వాన పడ్డట్టుంటుందండీ, తెనాలి మొత్తం మీద ఇలాంటి చెయ్యి లేదు" అనేవారు. ఇస్సాకు వినబడనట్టే తల వంచుకుని మరికాస్త వేగం పెంచేవాడు. పొగడ్తకి పొంగనివాడు ఇంకా పుట్టలేదు. ఇస్సాకు ఒక్కడే ఎందుకు పుట్టాలి?

అతనిది రేపల్లె. తండ్రి ఆదాము మిషన్ బడిలో పంతులు. ఇంటర్ అయ్యాక, 1983లో, ఇస్సాకు రోజూ పాసింజరు బండెక్కి తెనాలి వచ్చి టైపు నేర్చుకున్నాడు. టైపు హయ్యరు పరీక్ష పాసైన రోజున ఆదాము పంతులు కొడుకు చేతులు పట్టుకుని, "ఎదుటివాడు తన రాత నీ చేతికిచ్చాడంటే వాడి పరువు నీకిచ్చినట్టేరా. పాడు చెయ్యకు" అన్నాడు. పంతుళ్ళు ఇలాంటివి రోజుకి పది చెబుతారు కనుక ఇస్సాకు తలూపి ఊరుకున్నాడు. తర్వాత తెనాలిలోనే కాపురం పెట్టి ఏడేళ్ళు కోర్టు దగ్గర అర్జీలు, దస్తావేజులు టైపు చేశాడు. 1990లో బసవేశ్వరరావుగారు కంప్యూటర్లు కొన్నప్పుడు మొదట పిలిచింది అతన్నే.

ఆ ఆఫీసుకి పెద్ద పని బాపట్ల నుంచి వచ్చేది. ఒక విత్తనాల కంపెనీ అక్కడి పొలాల్లో చిన్న చిన్న మళ్ళు కట్టి రకరకాల వరి వంగడాలు వేసి చూసేది. ఏ మడిలో మొక్క ఎంత ఎత్తు పెరిగింది, దుబ్బుకి ఎన్ని పిలకలు, కంకికి ఎన్ని గింజలు, ఇవన్నీ వాళ్ళ మనుషులు బురద చేతులతోనే పుస్తకాల్లో రాసేవాళ్ళు. తడిసి ఆరిన కాగితాలు, అలుక్కుపోయిన పెన్సిలు అంకెలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. కాగితం చూస్తూ కొడితే చూపు అటూ ఇటూ తిరిగి వరసలు తప్పిపోయేవి. అందుకని ఒకరు చదవడం, ఒకరు కొట్టడం అలవాటు చేసుకున్నారు. ఇస్సాకుకి చదివి పెట్టే మనిషి సామ్రాజ్యం.

సామ్రాజ్యానిది సంగం జాగర్లమూడి. తండ్రి అబ్రహాముకి పొలం పని. అక్షరం ముక్క రాదు. అందుకే కూతురికి ఏడో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం చదివించుకునేవాడు. నీళ్ళు నమిలినట్టు చదివితే ఒప్పుకునేవాడు కాదు. "మళ్ళీ చదువమ్మా, నాకు కనబడలేదు" అనేవాడు. తండ్రికి కనబడేదాకా చదివి చదివి ఆ పిల్ల గొంతు తేరిన నీళ్ళలా తయారైంది. పెళ్ళయి తెనాలి వచ్చాక, ఇస్సాకు వాళ్ళూ వెళ్ళే గుళ్ళో పాఠాలు చదవడం ఆమెదే అయింది. గుడ్‌ఫ్రైడే నాడు సిలువ శ్రమల పాఠం ఆమె చదువుతుంటే చంటిబిడ్డల తల్లులు కూడా బయటికి వెళ్ళేవాళ్ళు కాదు.

ఆఫీసులో ఆమె ఇంగ్లీషు అంకెలు కూడా అలాగే చదివేది. "ఫార్టీ వన్, నైన్టీ సెవెన్, ట్వెల్వ్" అని ఒక లైను అయ్యాక చిన్న ఆగుడు. ఇస్సాకు "ఊ" అనేవాడు. మళ్ళీ లైను, మళ్ళీ "ఊ". పేజీ అయ్యాక అతను తెర మీది అంకెలు తిరిగి చదివితే ఆమె పుస్తకంలో పెన్సిలుతో టిక్కు పెట్టేది. ఆమె అతన్ని అన్నయ్యా అని పిలిచేది. అతనికి సొంత చెల్లెళ్ళు లేరు. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. పేరు వేళ్ళకి వచ్చింది, గొంతుకి రాలేదు. ఆ సంగతి ఇస్సాకుకి తెలియదా అంటే తెలుసు. కానీ తనకి వచ్చిన పేరుని ఎవరైనా పిలిచి పంచిపెడతారా?

1999 జనవరిలో బసవేశ్వరరావుగారు హైదరాబాదు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో ఒక సీడీ, తలకి పెట్టుకునే మైకు. మనిషి మైకులో మాట్లాడితే కంప్యూటర్ దానంతటదే రాసుకుంటుందట. అయితే ఎవరి గొంతు వాళ్ళు దానికి ముందు అరగంట నేర్పాలి. అది ఒక్కొక్కరి గొంతునీ ఒక్కొక్క పేరు కింద దాచుకుంటుంది. తర్వాత ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు ఎంచుకోవాలి. పెట్టె చూడగానే ఆఫీసంతా సామ్రాజ్యం వైపు జాలిగా చూసింది, చదివే మనిషితో ఇక పనేముందని. తీరా బసవేశ్వరరావుగారు అసలు లెక్క విప్పారు.

"చదవడానికి మనిషి ఉండాల్సిందేగా. కొట్టడానికే అక్కర్లేదు. ఇది పనిచేసిందంటే సామ్రాజ్యం ఒక్కతే చాలు. నీకు వేరే ఏదైనా చూద్దాంలే ఇస్సాకూ, కంగారుపడకు" అని నవ్వుతూ భుజం తట్టారు.

నలభై ఏళ్ళు కూడా నిండని మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, వేళ్ళు తప్ప వేరే విద్య లేనివాడు. ఆ భుజం తట్టడంతో అతనికి కాళ్ళ కింద నేల కదిలింది.

ఇద్దరి గొంతులూ నేర్పమన్నారు. ఏర్పాటు చేసే పని, పాపం, ఇస్సాకుకే అప్పగించారు. సామ్రాజ్యం ఎప్పుడూ కాగితం చూసిందే కానీ మౌసు ముట్టుకున్న మనిషి కాదు. ఒక బుధవారం ఇస్సాకు ముందు తన గొంతు నేర్పాడు, తర్వాత ఆమె చేత అరగంట చదివించాడు. ఎలా ఉందో చూద్దామని ఆమె పేరు ఎంచి, ఒక పాత పేజీ చదవమన్నాడు. ఆమె కాగితం మీది చూపు తిప్పకుండా చదివింది. నలభై లైన్లలో ముప్పై ఎనిమిది సరిగ్గా పడ్డాయి. ఇస్సాకు తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎలా వచ్చిందన్నయ్యా?"

"పర్లేదు. తప్పులున్నాయి" అన్నాడు, తెర ఆర్పేస్తూ. అది మొదటి అబద్ధం. రెండోది నోటితో ఆడాల్సిన అవసరం కూడా రాలేదు.

ఫిబ్రవరిలో పరీక్ష పెట్టారు. బాపట్ల నుంచి విత్తనాల కంపెనీ తరఫున చెంచురామయ్యగారు కొత్త పుస్తకాలతో వచ్చారు. ఆఫీసులో వాళ్ళంతా చుట్టూ చేరారు. ముందు పాత పద్ధతి. సామ్రాజ్యం చదివింది, ఇస్సాకు కొట్టాడు. పేజీకి ఆరు నిమిషాలు, ఒక్క తప్పు. తర్వాత ఇస్సాకు ఒక్కడే కాగితం చూసి కొట్టాడు. పదకొండు నిమిషాలు, అయిదు తప్పులు. "ఏంటి ఇస్సాకూ, చెల్లెలు లేకపోతే చెయ్యి ఆడదా?" అన్నారు బసవేశ్వరరావుగారు. అందరూ నవ్వారు. ఇక మిగిలింది మైకు.

ఇస్సాకు ఆమె తలకి మైకు సర్దాడు. తెర మీద రెండు పేర్లున్నాయి, ఒకదాని కింద ఒకటి. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తన పేరు మీద నొక్కాడు. ముందుగా అనుకుని చేశాడా అంటే, లేదని అతను చాలాసార్లు తనకి తాను చెప్పుకున్నాడు. కానీ ఆ క్షణం ఆగిన చెయ్యి అబద్ధం చెప్పదు కదా.

సామ్రాజ్యం చదవడం మొదలుపెట్టింది. మగవాడి గొంతు కోసం కాచుకుని ఉన్న యంత్రం ఆమె గొంతు విని తికమకపడింది. అంకెలకి బదులు ఏవేవో ఇంగ్లీషు మాటలు వరదలా వచ్చి పడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె తలెత్తి తెర చూసి, మైకు నోటికి దగ్గరగా జరుపుకుని, మళ్ళీ మొదటి లైను నుంచి ఇంకా నెమ్మదిగా, ఇంకా స్పష్టంగా చదివింది. మళ్ళీ అదే చెత్త. మూడోసారి ఆమె గొంతు వణికింది. తెర పైన మూలగా చిన్న అక్షరాలతో ఇస్సాకు పేరు కనబడుతూనే ఉంది. ఎవరూ అటు చూడలేదు. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"పల్లెటూరి యాసండీ. దానికి ఎక్కడ అర్థమవుద్ది?" అన్నారు చెంచురామయ్యగారు, ఓదారుస్తున్నట్టే.

"నీ మాట దానికి తెలియట్లేదమ్మా. పోన్లే, పాత పద్ధతే మేలు" అన్నారు బసవేశ్వరరావుగారు. పెట్టె బీరువా పైకెక్కింది. ఇస్సాకు కుర్చీ అతనికి మిగిలింది.

సామ్రాజ్యం మైకు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "నాదే తప్పండి" అంది.

సాయంత్రం మెట్లు దిగుతుంటే ఆమె వెనకనుంచి పిలిచింది. "అన్నయ్యా, నా నోట్లో ఏం తేడా ఉంది? తొమ్మిదేళ్ళ నుంచి వింటున్నావు కదా, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"తేడా ఏం లేదమ్మా."

"నేను బాధపడతానని అలా అంటున్నావు. నాకు తెలుసు" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఇస్సాకు మెట్ల మీదే నిలబడిపోయాడు. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు. అతనికి అరవాలనే ఉంది.

అంతటితో అయిపోయినా బాగుండేది. మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెట్టి ఆమె అతని బల్ల దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "నాకు నేర్పన్నయ్యా. నువ్వు పంతులుగారి అబ్బాయివి. ఎలా పలకాలో చెప్పు" అంది.

అప్పట్నుంచి రోజూ పావుగంట పాఠం. ఇస్సాకు "సెవెన్" అనేవాడు. ఆమె "సెవెన్" అనేది. అందులో దిద్దడానికి ఏమీ లేదు. బాగుందంటే ఆమె నమ్మేది కాదు, జాలిపడుతున్నాడని తల దించుకునేది. అందుకని అతనే లేని తప్పొకటి పుట్టించేవాడు. "కాస్త సాగదియ్యి" అనేవాడు ఒకరోజు. "మరీ సాగదీస్తున్నావు" అనేవాడు ఇంకో రోజు. ఆమె శ్రద్ధగా తల ఊపి, చెప్పినట్టల్లా పలికేది. పదిహేను రోజులు గడిచేసరికి ఆ గొంతులో నడక పోయింది. ప్రతి అంకె ముందూ తడబాటు, ప్రతి లైను చివరా "సరిగ్గా అన్నానా అన్నయ్యా?" అని అడగడం. ఆరు నిమిషాల పేజీ తొమ్మిది నిమిషాలు పట్టసాగింది. తేరిన నీళ్ళని తన చేత్తోనే కలిపేశానని ఇస్సాకుకి తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా మర్నాడు మళ్ళీ పాఠం చెప్పేవాడు. సిగ్గు అనేది మనిషిని మంచివాణ్ణి చేస్తుందని ఎవరన్నారో కానీ, ముందు పిరికివాణ్ణి చేస్తుంది.

మార్చి నెలాఖరున, గుడ్‌ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు, ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు గుడ్‌ఫ్రైడే పాఠాలు ఎవరెవరు చదవాలో చెబుతున్నారు. శ్రమల పాఠం దగ్గరికి వచ్చి అలవాటుగా సామ్రాజ్యం పేరు చెప్పారు. ఆమె ఆడవాళ్ళ వరసలోంచి లేచి నిలబడింది.

"నాకొద్దండి అయ్యగారూ. ఇంకెవరికైనా ఇవ్వండి. నా పలుకు బాగుండదండి."

"ఎవరన్నారమ్మా?"

"మిషనే చెప్పిందండి" అంది. కొందరు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయింది కానీ కుదరలేదు.

ఇంటికి నడుస్తుంటే ఇస్సాకు భార్య కరుణ, "సామ్రాజ్యానికి ఏమైందండీ? ఆ పాఠం ఆవిడ చదవకపోతే ఎలా?" అంది. "నాకేం తెలుసు? అన్నీ నన్నే అడుగుతావేం?" అని కసిరాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కసిరాడని అతనికే అర్థమైంది. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. యాస అన్న మాట, నవ్విన నవ్వులు, అన్నీ ఓర్చుకున్నాడు, అవి తన మీద పడలేదు కనుక. కానీ అక్షరం రాని అబ్రహాము కోసం ఏడేళ్ళ పిల్ల సాన పట్టుకున్న గొంతుని, తను ఒక కుర్చీ కోసం గుళ్ళో లేకుండా చేశాడు. వాడి పరువు నీకిచ్చినట్టేరా అన్న తండ్రి మాట అప్పుడు గుర్తొచ్చింది.

మంగళవారం మధ్యాహ్నం మిగతావాళ్ళు భోజనాలకి వెళ్ళాక అతను బీరువా మీది పెట్టె దింపాడు. మైకు తగిలించి, సామ్రాజ్యాన్ని పిలిచి కూర్చోబెట్టి, ఈసారి ఆమె పేరు నొక్కాడు.

"వద్దన్నయ్యా" అంది ఆమె, చేతులు వెనక్కి లాక్కుంటూ.

"ఒక్క పేజీ చదువు. సాగదియ్యకు, ఆపకు. ఇదివరకు ఎలా చదివేదానివో అలా చదువు."

ఆమె భయంభయంగా మొదలుపెట్టింది. మూడు లైన్ల తర్వాత తల ఎత్తి చూసింది. అంకెలు. ఏ వరసవి ఆ వరసలో, చక్కగా. ఇంకో నాలుగు లైన్లు గబగబా చదివింది. అవీ వచ్చాయి. ఆమె ముఖం విప్పారింది. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"వచ్చిందన్నయ్యా! చూడు! నువ్వు నేర్పబట్టే కదా. నీ పుణ్యమే ఇది. ఇన్నాళ్ళూ విసుక్కోకుండా నేర్పావు!"

ఆ చెయ్యి విడిపించుకోవడం ఇస్సాకుకి చాలా కష్టమైంది. అలాగే ఊరుకుంటే సరిపోయేది కూడా. మంచివాడిగా, గురువుగా మిగిలిపోయేవాడు. ఆ ఆశ అతనికి కలిగింది. దాచి లాభం లేదు, నిజంగానే కలిగింది.

"నేను నేర్పిందేం లేదు" అన్నాడు. "ఆ పైన మూల ఏం రాసుందో చదువు."

ఆమె చదివింది. "నా పేరు."

"ఆవేళ పరీక్షలో అక్కడ నా పేరుంది. నేనే నొక్కాను. నీ పేరు నొక్కితే సరిగ్గానే వస్తుందని నాకు నీ గొంతు నేర్పిన బుధవారమే తెలుసు."

ఆమెకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మైకు తీసేసింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త ఊపిరాడేది.

"మరి రోజూ తప్పులు దిద్దావే? సెవెన్, సెవెన్ అని నెల్లాళ్ళు అనిపించావే? అవి కూడా లేవా?"

"లేవు."

"నీ ఉద్యోగం పోతుందని భయమేస్తే నాతో చెప్పుంటే, నేనే ఆ మిషన్ని పట్టుకునేదాన్ని కాదు" అంది. మైకు తీగ చుట్టి బల్ల మీద పెట్టింది. "అందరి ముందూ నా నోరు బాగోలేదన్నారు. అందరి ముందే చెప్పండి. సారుకి చెప్పండి, బాపట్ల ఆయనకి చెప్పండి. గుళ్ళో నేనెందుకు వద్దన్నానో అయ్యగారికి కూడా మీరే చెప్పండి."

చెప్పండి అంది. తొమ్మిదేళ్ళలో ఆమె అతన్ని మీరు అనడం అదే మొదలు.

ఇస్సాకు చెప్పాడు. ఆఫీసులో అందరూ వచ్చాక బల్ల పక్కన నిలబడి చెప్పాడు. బసవేశ్వరరావుగారు మొదట హాస్యమనుకుని నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "నువ్వా?" అన్నారు. మర్నాడు పొద్దున్నే బాపట్ల బండెక్కి, చెంచురామయ్యగారి వరండాలో చెప్పులు విడిచి చెప్పాడు. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని, "ఏంటయ్యా, ఈ మాత్రానికి రైలెక్కి వచ్చావా?" అన్నారు. ఆయనకి అది ఈ మాత్రమే. వరండాలో నిలబడ్డవాడికి తల కొట్టేసినట్టుంది. తిరిగొచ్చి ఆ సాయంత్రమే అయ్యగారికి చెప్పాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. మూడు చోట్ల చెప్పినా అతనికి పోలేదు, సరికదా, మూడింతలైంది.

గుడ్‌ఫ్రైడే నాడు శ్రమల పాఠం సామ్రాజ్యమే చదివింది. మొదటి నాలుగు మాటల్లో ఇస్సాకు నేర్పిన తడబాటు వినబడింది. తర్వాత అది రాలిపోయింది. గుడంతా కదలకుండా వింది. కరుణ ముందు వరసలో కూర్చుంది. ఇస్సాకు ఎప్పుడూ కూర్చునే మూడో బెంచీ వదిలి తలుపు పక్కన నిలబడి విన్నాడు.

ఈస్టరు అయ్యాక ఆఫీసులో మైకు సామ్రాజ్యానిదైంది. ఇస్సాకుని తీసెయ్యలేదు. బసవేశ్వరరావుగారు తీసేద్దామంటే ఆమే వద్దందట. ఆ సంగతి విన్నాక అతనికి తిండి మరింత చేదైంది. యంత్రం రాసింది పుస్తకంతో సరిచూడాలి కనుక ఆ పని ఇచ్చారు. ఇప్పుడు అతను తెర మీది అంకెలు పైకి చదువుతాడు. ఆమె పుస్తకంలో టిక్కు పెట్టుకుంటూ "ఊ" అంటుంది.

మొదటి రోజు ఒక లైను చదివి అతను ఆగిపోయాడు. ఆమె గొంతులోంచి ఎప్పుడూ వచ్చే పిలుపు వస్తుందేమోనని, తెర వైపే చూస్తూ కాసేపు కూర్చున్నాడు. ఆమె పెన్సిలు పట్టుకుని ఎదురుచూసి, చివరికి నోరు విప్పింది. ఆ పలుకులో ఏ తప్పూ లేదు, ఏ కోపమూ లేదు.

"చదవండి, ఇస్సాకుగారూ" అంది.